ఫోల్డరు పక్కన ఖాళీ గడి

విండోస్‌లో ఏ డ్రైవైనా తెరిచి డిటెయిల్స్ వ్యూలో పెట్టండి. పేరు, తేదీ, రకం, సైజు అని వరసగా గడులొస్తాయి. ఫైలయితే సైజు గడిలో అంకె ఉంటుంది. ఫోల్డరయితే ఆ గడి ఖాళీ. రెండు కేబీల నోట్‌ప్యాడ్ ఫైలుకి కూడా లెక్క చెప్పే పెద్దమనిషి, రెండొందల జీబీల ఫోల్డరు దగ్గరికొచ్చేసరికి మౌనవ్రతం పడతాడు. డిస్కు నిండితే మాత్రం ఎర్రగీత గీసి మరీ చూపిస్తాడు. నింపిందెవరయ్యా అంటే ఉలకడు, పలకడు!

మౌసు తీసుకెళ్ళి ఫోల్డరు మీద కాసేపు ఆనిస్తే ఒక చిన్న చీటీలో అంకె వస్తుంది. అదీ ఫోల్డరు చిన్నదయితేనే. పెద్దదయితే 'ఇంతకన్నా ఎక్కువే' అని తప్పించుకుంటాడు. రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లోకి వెళితే అంకె పెరుగుతూ... పెరుగుతూ... మనం కిందకెళ్ళి టీ తాగొచ్చినా ఇంకా పెరుగుతూనే ఉంటుంది. అట్లా ఒక్కో ఫోల్డరుకీ ప్రాపర్టీస్ తెరిచి, కాగితం మీద రాసుకుని, ఏది పెద్దదో పోల్చుకున్నవాళ్ళు మనలో ఎంతమంది లేరు? లక్షల్లో జీతాలు తీసుకునే సాఫ్ట్‌వేరు ఇంజనీర్లం, చివరికి చేసే పని కిరాణా కొట్టు పద్దు!

సరే, తిట్టుకోవడం అయింది. అసలెందుకు చూపించడో చూద్దాం. బద్ధకం వల్ల మాత్రం కాదు.

(ఫైలుని దస్త్రం అనీ ఫోల్డరుని సంచయం అనీ అనాలనే మిత్రులు నాకున్నారు. నాకేం అభ్యంతరం లేదు. కానీ ఈ కథలో మా చిన్నాయన వస్తాడు. ఆయన ముందు సంచయం అంటే భయపడతాడు. కాబట్టి ఫోల్డరనే అంటాను.)

ఫోల్డరంటే మనం అనుకున్నట్టు సంచి కాదు. లోపల ఏమీ ఉండదు. అదొక జాబితా మాత్రమే. ఫలానా పేరుగల ఫైలు ఫలానా చోట ఉంది, ఫలానా పేరుగల ఇంకో జాబితా ఫలానా చోట ఉంది, అంతే. లైనక్సులో ఫోల్డరు సైజు అడిగితే చాలాసార్లు 4096 అని వస్తుంది, చూసే ఉంటారు. లోపల సినిమాలున్నా అంతే, ఏమీ లేకపోయినా అంతే. అది ఆ జాబితా రాసుకున్న కాగితం సైజు. లోపలి సరుకు తూకం కాదు. సరుకు తూకం కావాలంటే జాబితాలో ఉన్న ప్రతి ఫైలు దగ్గరికీ వెళ్ళాలి, ప్రతి లోపలి జాబితానీ తెరవాలి, దాని లోపలిదీ తెరవాలి... అడుగు తగిలేదాకా దిగాలి. నాలుగు లక్షల ఫైళ్ళుంటే నాలుగు లక్షలసార్లు కూడాలి.

'ఒకసారి కూడి రాసిపెట్టుకోవచ్చు కదా, మళ్ళీ మళ్ళీ ఎందుకు?' అంటారా? అందరికీ మొదట వచ్చే ఆలోచన అదే. కష్టం కూడడంలో కాదు, రాసిన అంకెని ఎప్పటికప్పుడు సరిగ్గా ఉంచడంలో ఉంది. మా ఊళ్ళో ఒక కోడి గుడ్డు పెట్టిందనుకోండి. పంచాయతీ లెక్కలో ఒకటి కలపాలి. మండలం లెక్కలో ఒకటి, జిల్లా లెక్కలో ఒకటి, అమరావతి లెక్కలో ఒకటి కలపాలి. ఒక్క కోడయితే ఫరవాలేదు. రాష్ట్రంలో ఉన్న కోళ్ళన్నీ ఒకేసారి పెడితే? అమరావతిలో ఆ ఒక్క పుస్తకం దగ్గర అందరూ క్యూ కట్టాలి. గుడ్డు పెట్టడానికి కోడి ఆగాలి! ఫైలు సిస్టంలో కూడా అంతే. ఏ ఫైలు మారినా దాని పై ఫోల్డరు, దాని పైది, అట్లా రూట్ దాకా అంకె మార్చాలి. ప్రతి ప్రోగ్రామూ రూట్ దగ్గర తాళం కోసం ఎదురుచూడాలి. మనం నెలకోసారి చూసే అంకె కోసం నిమిషానికి వేలసార్లు ఆ ఖర్చు పెట్టడం ఎందుకని ఎన్‌టీఎఫ్‌ఎస్ తయారుచేసినవాళ్ళు ఆ జోలికి పోలేదు. మొన్నమొన్నటి దాకా దాదాపు అందరిదీ అదే దారి.

దాదాపు అని ఎందుకన్నానంటే, పోయినవాళ్ళూ ఉన్నారు. వందల సర్వర్ల మీద పరుచుకుని ఉండే సెఫ్ ఫైలు సిస్టంలో ఫోల్డరు మొత్తం సైజు లెక్క దానికదే ఉంటుంది. కాకపోతే మార్పు పై ఫోల్డర్లకి పాకడానికి కొంచెం ఆలస్యం అవుతుంది. 2016లో ఆపిల్ వాళ్ళు కొత్త ఫైలు సిస్టం ఏపీఎఫ్‌ఎస్ ప్రకటించినప్పుడు 'ఫాస్ట్ డైరెక్టరీ సైజింగ్' అని ఒక సదుపాయం చెప్పారు. షరతేమిటంటే ఫోల్డరు ఖాళీగా ఉన్నప్పుడే దాన్ని మొదలుపెట్టాలి. అప్పటికే సరుకున్న ఫోల్డరుకి పనికిరాదు. పుట్టినప్పటి నుంచీ లెక్క రాస్తే రాయగలం, మధ్యలో వచ్చి అడిగితే చెప్పలేం అన్నమాట.

ఎక్స్‌పీ కాలంలో 'ఫోల్డర్ సైజ్' అనే ఒక చిన్న ఉచిత ప్రోగ్రాము ఉండేది. ఎక్స్‌ప్లోరర్‌లోనే ఇంకో గడి తగిలించేది. వెనకాల ఒక సర్వీసు నడుపుతూ, లెక్కలు వేసి దాచుకుని, ఫోల్డరు పక్కన అంకె చూపించేది. విస్టా వచ్చాక అట్లా బయటివాళ్ళు గడులు తగిలించే వీలునే మైక్రోసాఫ్ట్ తీసేసింది. మాక్ వాళ్ళకి ఫైండర్‌లో 'కాలిక్యులేట్ ఆల్ సైజెస్' అని టిక్కు పెట్టుకునే వీలుంది. టోటల్ కమాండర్ వాడేవాళ్ళు ఫోల్డరు మీద నిలబడి స్పేస్ బార్ కొడతారు. కేడీఈ వాళ్ళ డాల్ఫిన్‌లో ఫోల్డరు పక్కన లోపల ఎన్ని ఉన్నాయో చూపించమనొచ్చు, ఎంత సైజో చూపించమనొచ్చు. ఈ 'ఎన్ని', 'ఎంత' అనే రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. తర్వాత పనికొస్తాయి.

ఇంకో చిక్కు ఉంది. అసలు ఏది లెక్కలోకొస్తుంది? ఒకే ఫైలుకి రెండు చోట్ల పేరుంటే రెండుసార్లు కూడాలా, ఒకసారి కూడాలా? విండోస్‌లో విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డరు చూసి 'అమ్మో ఇంతా!' అని గుండెలు బాదుకునేవాళ్ళు బోలెడుమంది. అందులో చాలా ఫైళ్ళు హార్డ్ లింకులు. సిస్టంలో ఇంకోచోట కూడా అదే ఫైలు కనిపిస్తుంది, డిస్కు మీద ఉండేది మాత్రం ఒక్కటే. వన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైలుకి సైజు రెండు జీబీ, డిస్కు మీద సైజు సున్నా! రెండూ నిజమే. ఇక ఆఫీసులో అర్ధరాత్రి సర్వరు డిస్కు నిండిందని ఫోనొచ్చి లేచినవాళ్ళకి తెలుసు, డీయూ చెప్పే లెక్కా డీఎఫ్ చెప్పే లెక్కా కలవకపోతే ఎంత చిరాగ్గా ఉంటుందో. ఎవరో లాగ్ ఫైలు డిలీట్ చేసుంటారు, దాన్ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రాము ఇంకా నడుస్తుంటుంది. పేరు పోయింది, సరుకు పోలేదు. ఆ ప్రోగ్రాముని ఆపితే గానీ జాగా తిరిగిరాదు.

ఈ బాధ కొత్తది కాదు లెండి. డీయూ 1971 నాటి మొట్టమొదటి యూనిక్స్ మాన్యువల్లోనే ఉంది. అంటే అప్పటికే డిస్కు ఎవరు నింపారన్న గొడవ ఉందన్నమాట. 1990లో మేరీలాండ్ యూనివర్సిటీలో బెన్ ష్నైడర్‌మన్ అనే ప్రొఫెసరు గారి ల్యాబ్‌లో 80 ఎంబీల డిస్కు ఒకటుండేది. 80 జీబీ కాదండీ, ఎంబీనే. దాన్ని 14 మంది పంచుకునేవాళ్ళు. అది మాటిమాటికీ నిండిపోతుంటే, ఎవరు ఎంత వాడుతున్నారో ఒక్క చూపులో తెలిసే బొమ్మ కోసం ఆయన బుర్ర బద్దలుకొట్టుకుని కనిపెట్టిందే ట్రీమ్యాప్. డిస్కు మొత్తం ఒక పెద్ద పలక. ఫోల్డర్లు అందులో గళ్ళు, ఫైళ్ళు గళ్ళలో గళ్ళు. ఎంత పెద్ద ఫైలయితే అంత పెద్ద గడి. మనం వాడే విన్‌డిర్‌స్టాట్‌లో కింద రంగురంగుల పొలాల్లాగా కనిపించే బొమ్మ అదే. షేర్ మార్కెట్ సైట్లలో ఆకుపచ్చా ఎరుపూ గళ్ళు కనిపిస్తాయే, వాటికీ మూలం ఈ డిస్కు తగాదానే!

ఇంతవరకూ మీలో చాలామందికి తెలిసిన సంగతే అయ్యుండొచ్చు. నాకు ఇదంతా బాగా పనికొచ్చింది మాత్రం ఆఫీసులో కాదు, మా ఊళ్ళో.

మాది నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళే దారిలో, సముద్రానికి దగ్గర్లో ఒక ఊరు. మా చిన్నాయనకి అక్కడ ఫోటో స్టూడియో ఉంది. రీలు కాలంలో మొదలుపెట్టాడు, 2004లో డిజిటల్ కెమెరా కొన్నాడు. అప్పట్నుంచీ తీసిందంతా కంప్యూటర్లో ఉంది. 40 జీబీ డిస్కు నిండితే 160ది, అది నిండితే 500ది, అదీ నిండితే 1 టీబీది. పాతదాంట్లోది కొత్తదాంట్లోకి ఎత్తిపోసుకుంటూ వచ్చాడు. (1 టీబీ అని కొంటే 931 జీబీనే చూపిస్తుందని షాపువాడితో పెట్టుకున్న గొడవ వేరే కథ. డిస్కు చేసినవాడు వెయ్యితో లెక్క కడతాడు, విండోస్ 1024తో కడుతుంది, మోసమేం లేదని ఎంత చెప్పినా, 'తూకంలో కొట్టేశార్రా' అనే అంటాడు ఇప్పటికీ.) స్టూడియో కాక రెండెకరాల రొయ్యల గుంట కూడా ఉంది ఆయనకి. మా తీరంలో అదేం వింత కాదు, స్కూలు అయ్యవార్లకీ గుంటలుంటాయి.

2025 సంక్రాంతికి ఇంటికెళితే, నేను బ్యాగు దించక ముందే పిలుపు.

"ఏంది రా అబ్బయా, డిస్కులో జాగా లేదంటుండాది. ఈ దెబ్బకి పెళ్ళి ఆర్డరు పోయేట్టుండాది. యాడ పోయిందిరా జాగా అంతా?"

వెళ్ళి చూశా. 931లో 11 జీబీ మిగిలింది. ఫోల్డర్లు చూస్తే సంవత్సరాల పేర్లతో ఇరవై ఒకటి. ఏది ఎంతో తెలియదు. ప్రాపర్టీస్ కొట్టి కూర్చుంటే అంకె ఎక్కుతూ ఉంది. చిన్నాయన వెనకాలే నిలబడి, "ఇంతసేపా? దానికి తెలవదా యాడ ఎంత పెట్టిందో?" అన్నాడు.

కోళ్ళ కథ చెప్పలేదు ఆయనకి. గుంట గురించి అడిగా.

"చిన్నాయనా, మన గుంటలో ఇప్పుడు రొయ్య ఎన్ని కేజీలుండాది?"

"యాడ చెప్పేదిరా? పట్టి కాటా మీద పెడితే గదా తెలిసేది!"

"మరి మేత ఎంత వెయ్యాలో ఎట్టా లెక్క కడతావు?"

"చెక్ ట్రే చూస్తాం. నాలుగు చోట్ల వల విసిరి, వచ్చిన వాటిని తూకం వేసి కౌంట్ చూస్తాం. వేసిన సీడెంత, పోయింది ఎంత ఉంటదీ... అట్టా సుమారుగా."

కౌంట్ అంటే కేజీకి ఎన్ని రొయ్యలని. యాభై కౌంట్ అంటే కేజీకి యాభై. నాలుగు వలల్లో పడ్డవాటిని బట్టి లక్షల రొయ్యల లెక్క కట్టి, ఆ లెక్క మీద లక్షల రూపాయల మేత వేస్తారు మావాళ్ళు. అసలు అంకె తెలిసేది పట్టుబడి రోజునే. ప్రాపర్టీస్ చేసేది పట్టుబడి, అందుకే అంతసేపు అన్నా. "అట్టా చెప్పు మరి!" అన్నాడు. నాలుగేళ్ళ ఇంజనీరింగులో నేను ఇంత బాగా ఏ సంగతీ ఎవరికీ వివరించలేదు.

అప్పుడు విన్‌డిర్‌స్టాట్ వేశా. టీ తాగే లోపు బొమ్మ వచ్చింది. (ఇంకా తొందరగా కావాలంటే విజ్‌ట్రీ ఉంది. అది ఫోల్డర్లలోకి దిగదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ తన ఫైళ్ళన్నిటి వివరాలూ రాసుకునే ఎంఎఫ్‌టీ అనే పట్టికనే నేరుగా చదివేస్తుంది. ఒక్కో ఫైలుకి మామూలుగా ఒక కేబీ. నాలుగు లక్షల ఫైళ్ళంటే నాలుగొందల ఎంబీలు వరసగా చదివితే పని అయిపోతుంది. ఊరంతా తిరక్కుండా కరణం గారి పుస్తకం చూసినట్టు.)

బొమ్మలో మొదట కంటికి కొట్టింది ఒక పెద్ద గులాబీ గడి. వీడియో ఎడిటింగ్ ప్రోగ్రాము తన సౌకర్యం కోసం తయారుచేసుకుని పారేసిన ప్రివ్యూ ఫైళ్ళు. 164 జీబీ! ఎవరూ వాటిని తెరిచి చూడరు, ఎవరికీ అక్కర్లేదు, కావాలంటే ఆ ప్రోగ్రామే మళ్ళీ తయారుచేసుకుంటుంది. నాలుగు ఫోల్డర్ల లోపల దాక్కుని ఉన్నాయి. మామూలుగా చూస్తే జన్మలో కనిపించవు.

తర్వాత కరిజ్మా ఆల్బాలు. పెళ్ళిళ్ళకి ఇచ్చే ఆ పెద్ద ఆల్బం షీటు 12 బై 36 అంగుళాలు ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఒక్క షీటే 116 ఎంబీ, అదీ లేయర్లు లేకుండా. ఫోటోషాపులో లేయర్లతో దాస్తే మూడొందలు దాటుతుంది. నలభై షీట్ల ఆల్బం అంటే 12 జీబీ. సరే, అది వృత్తి. కానీ ఒక్కో పెళ్ళికీ 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఫైనల్ ఓకే', 'అమ్మాయి వాళ్ళు ఓకే అన్నది' అని నాలుగేసి ఫోల్డర్లు! నవ్వకండి. మన ఆఫీసుల్లో రిలీజు ఫోల్డర్లు ఇంతకన్నా గొప్పగా ఏమీ ఉండవు. ఆల్బం డెలివరీ అయిపోయి డబ్బులు కూడా వచ్చేసిన పెళ్ళిళ్ళకి ఆఖరిదొక్కటీ ఉంచి మిగతావి తీసేస్తే ఇంకో 120 జీబీ వచ్చింది. రెండూ కలిపి 284 జీబీ. ఒక్క ఫోటో కూడా పోలేదు.

ఆ సైజు గడి ఖాళీగా లేకపోతే, చిన్నాయన నా కోసం సంక్రాంతి దాకా ఆగేవాడు కాదు. తనే చూసి తీసేసుకునేవాడు. ఇంతమందికి ఇంత అవసరమైన అంకె కోసం ఇంకో ప్రోగ్రాము దింపుకోవాల్సి రావడం నాకిప్పటికీ కోపమే.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. స్టూడియోలో పనిచేసే కుర్రాడు అప్పటికే ఇంకో లెక్క వేసి పెట్టుకున్నాడు.

"అన్నా, ఈ పాస్‌పోర్ట్ ఫోల్డరు తీసేస్తే శానా జాగా వస్తదన్నా. 18,400 ఫోటోలుండాయి అందులో. మొన్న బయటి డిస్కులోకి కాపీ చేద్దామంటే అరగంట పట్టింది. 12 జీబీల పెళ్ళి వీడియో మూడు నిమిషాల్లో పోయింది!"

వాడి లెక్క వాడి దృష్టిలో సరైనదే. ఎన్ని ఉన్నాయో తెలుసు, కాపీకి ఎంతసేపు పట్టిందో తెలుసు. ఆ రెంటినీ బట్టి ఎంత జాగానో ఊహించాడు. సైజు గడి ఖాళీగా ఉంటే మనిషి ఇంకేదో అంకెని పట్టుకుంటాడు మరి! నిజానికి ఆ ఫోల్డరు మొత్తం 1.05 జీబీ. ఒక్కో ఫోటో అటూఇటూగా 60 కేబీ. చిన్న ఫైళ్ళు కాపీ చేసేటప్పుడు సరుకు మోసే పని కన్నా ఒక్కోదానికీ చీటీ రాసే పని ఎక్కువ, అందుకే అరగంట. ఒక లారీ బస్తా ఒకటి దించడం వేరు, పద్దెనిమిదివేల పొట్లాలు సంతకాలు పెట్టించుకుంటూ దించడం వేరు.

చిత్రమేంటంటే బయటి డిస్కులో అదే ఫోల్డరు 2.25 జీబీ జాగా తింటోంది. "కాపీ చేస్తే పెరిగిందేందిరా?" అన్నాడు చిన్నాయన. ఆ డిస్కు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. పెద్ద డిస్కుల మీద అది జాగాని 128 కేబీ ముక్కలుగా పంచుతుంది. ఫైలు 60 కేబీ అయినా ఒక ముక్క పూర్తిగా దానిదే. లోపలి డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ముక్క 4 కేబీ, అందుకని అక్కడ వృథా తక్కువ, 1.09 జీబీతో సరిపోయింది. రొయ్యల క్రేటు సగమే నిండినా లారీలో ఒక క్రేటు జాగా పడుతుంది కదా, అదే. ప్రాపర్టీస్‌లో 'సైజు' అనీ 'సైజ్ ఆన్ డిస్క్' అనీ రెండు అంకెలు ఎందుకుంటాయో ఇప్పుడు ఊళ్ళో ఇద్దరికి తెలుసు.

"ఎంతయినా తీసేసేది లేదు" అన్నాడు చిన్నాయన. ఆయన లెక్క వేరే. అది కుర్రాడికి తెలియదు, వాడు అప్పటికి పనిలో చేరలేదు.

2021 నవంబరులో వర్షాలకి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి, పెన్నాకి పెద్ద వరద వచ్చింది. సోమశిల గేట్లు ఎత్తేశారు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, నేషనల్ హైవే తెగింది. పెన్నా ఒడ్డు ఊళ్ళలోకి నీళ్ళొచ్చాయి. నేనప్పుడు కరోనా పుణ్యమా అని ఇంట్లోంచే పనిచేస్తున్నా. స్టూడియో మిద్దె మీద ఉండబట్టి కంప్యూటరు దక్కింది. వరద తీశాక పది పదిహేను రోజులకి స్టూడియోకి జనం రావడం మొదలైంది. కొత్త ఫోటోల కోసం కాదు. పాత ఫోటోల కోసం. ఇంట్లో ఆల్బాలు నానిపోయి, పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి, రంగులు కరిగి నీళ్ళయిపోయాయి.

పెళ్ళి ఆల్బాల కోసం వచ్చినవాళ్ళు తక్కువ. అడిగినవాళ్ళలో ఎక్కువమంది, ఆ మనిషిది ఇంకో ఫోటో ఎక్కడా లేనివాళ్ళు. ఒకామె పట్టపుపాళెం నుంచి వచ్చింది, డెబ్భై ఏళ్ళుంటాయి.

"నాయనా, మా పిలగోడి ఫోటో ఒకటి కావాల. ఇంట్లో ఉండింది పోయింది."

"ఎప్పుడు దిగినాడమ్మా?"

"సునామీ వచ్చిన మర్సటేడు. బ్యాంకు పుస్తకానికి."

ఆ అబ్బాయి పోయి అప్పటికే ఏడేళ్ళయిందట. సునామీ 2004 డిసెంబరు 26న. అంటే 2005. ఆ ఏడాది ఫోల్డరు తెరిచాం. 1,100 ఫైళ్ళు, పేర్లేమీ లేవు, నంబర్లే. చిన్నాయన ట్రంకు పెట్టెలోంచి పాత బిల్లు పుస్తకాలు తీశాడు. తేదీ, పేరు, నంబరు రాసుంటాయి వాటిలో. సాయంత్రం దాకా పట్టింది. ఆఖరికి దొరికింది. 61 కేబీ.

35 బై 45 మిల్లీమీటర్ల పాస్‌పోర్ట్ ఫోటో, 413 బై 531 పిక్సెళ్ళు. ఆమెకి గోడకి కట్టుకునే పటం కావాలి. ఎనిమిది అంగుళాల వెడల్పుకి సాగదీస్తే అంగుళానికి యాభై చుక్కలే వస్తాయి. మొహం మసకగా, కళ్ళ దగ్గర గళ్ళు గళ్ళుగా. ఒరిజినల్ ఉందా చిన్నాయనా అని అడిగా. లేదు. అప్పట్లో కెమెరా 6 మెగాపిక్సెళ్ళది, ఒక్కో ఫోటో 3 ఎంబీ. డిస్కు మొత్తం 40 జీబీ. మొహం కత్తిరించి ప్రింటు తీశాక పెద్దది తీసేసేవాళ్ళు. ఆ రోజుల్లో ఏ స్టూడియో అయినా అదే చేసింది. జాగా లేదు మరి.

చిన్న పటం చేసి ఇచ్చాం, 4 బై 6. ఆ సైజులో బాగానే వచ్చింది. ఆమె దాన్ని చాలాసేపు చూసి, కొంగులో చుట్టుకుని, ఇంకోటి కూడా ఇవ్వమంది, కూతురికి. చిన్నాయన డబ్బులు తీసుకోలేదు.

ఆ రోజు నుంచి ఆయన ఒరిజినళ్ళు తీసేయడం మానేశాడు. డిస్కు తొందరగా నిండడానికి అదొక కారణం. నేను లెక్క వేసి చూశా. ఇన్నేళ్ళలో దిగిన 18,400 మందివీ 3 ఎంబీ ఒరిజినళ్ళు అన్నీ ఉంచినా మొత్తం 54 జీబీ అవుతుంది. 2005లో అది డిస్కుకే పట్టదు. ఇప్పుడయితే ఐదు కరిజ్మా ఆల్బాల ఫోటోషాపు ఫైళ్ళకన్నా తక్కువ. ఒకప్పుడు భరించలేననుకున్న సైజు ఇరవై ఏళ్ళకి ఏ మూలకీ రాదు. పోయింది మాత్రం తిరిగి రాదు. మనలో డేటా రిటెన్షన్ పాలసీలు రాసేవాళ్ళు, పాత రికార్డులు తొంభై రోజులకి తుడిచెయ్యమని స్క్రిప్టులు పెట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నారో! తుడవాల్సినవి తుడవాలి, కాదనను. ఒక మనిషికి ఒకే ఒక్క ఆధారంగా మిగిలింది అందులో ఏమైనా ఉందా అని ఒకసారి అడిగి తుడిస్తే బాగుంటుంది.

కాబట్టి నా అభిప్రాయం రెండు ముక్కలు.

మొదటిది: ఆ గడి నింపండి బాబూ. నిమిషం నిమిషానికీ కరెక్టు అంకె అక్కర్లేదు. కంప్యూటరు ఖాళీగా ఉన్న అర్ధరాత్రి ఒకసారి తిరిగి లెక్కేసి, 'నిన్న రాత్రి చూసినప్పుడు 164 జీబీ' అని చూపిస్తే చాలు. మన ఇంజనీర్లకి ఒక జబ్బుంది, అంకె కచ్చితంగా చెప్పలేకపోతే అసలు చెప్పం. నాలుగు చోట్ల వల విసిరి వచ్చిన సుమారు లెక్క మీద రెండెకరాల గుంట నడుపుతున్నాడు మా చిన్నాయన. డిస్కుకి ఆ మాత్రం సుమారు చాలదా?

రెండోది: సైజు వరసలో పెట్టి చూడడం ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏది తీసెయ్యాలో చెప్పదు. మాకు పైన దొరికినవి చెత్త కావడం మా అదృష్టం. మీ డిస్కులో పైన ఉన్నది మీ పిల్లవాడి మొదటి పుట్టినరోజు వీడియో కావచ్చు. అన్నిటికన్నా కింద, విన్‌డిర్‌స్టాట్ బొమ్మలో చుక్కగా కూడా కనిపించని చోట, మీ తాతగారి ఒకే ఒక్క ఫోటో ఉండొచ్చు.

ఈసారి ఊరెళ్ళినప్పుడు ఇంట్లో పాత కంప్యూటరుంటే, నాన్నగారి ఫోనైనా సరే, ఒకసారి స్కాన్ పెట్టి చూడండి. పెద్ద గళ్ళు చూసి జాగా ఖాళీ చేసివ్వండి, సంతోషిస్తారు. చిన్నవి మాత్రం ముందు ఇంకో డిస్కులోకి కాపీ చేసి, అప్పుడు ముట్టుకోండి. అరగంట పడుతుంది. పట్టనివ్వండి.

చిన్నాయనకి ఇప్పుడు 4 టీబీ డిస్కు కొనిచ్చా. పాస్‌పోర్ట్ ఫోల్డరు మూడు చోట్ల ఉంది, అందులో ఒకటి నా దగ్గర బెంగుళూరులో. షాపువాడు 4 టీబీ అంటే 3.63 చూపిస్తోందని మాత్రం మళ్ళీ గొడవ మొదలైంది...